విస్తరికి అడ్డం పెట్టిన చెయ్యి

వారంలో ఆరు రోజులు మార్కులు వేసి బతికే మనిషిని నేను. తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. పొద్దున్నే ఏలూరు స్టేషన్లో పాసింజరు ఎక్కడం, సాయంత్రం ఏది ముందొస్తే దాన్లో నిలబడి రావడం. కూర్చోడానికి చోటు దొరికిన రోజున రైల్లోనే పేపర్లు దిద్దేస్తాను. ఎర్ర పెన్ను పట్టుకుని పట్టుకుని వేలి మీద కాయ కాసింది. అలాంటిదాన్ని ఆదివారం కూడా మార్కులు వెయ్యమన్నారు. అదీ బోర్డు గేములకి.

దీనంతటికీ మా వారి మోకాలు కారణం. ఆపరేషనయ్యి ఆయన మంచం దిగకుండా ఉన్న రోజుల్లో కాలక్షేపానికని బెంగుళూరు నుంచి ఒక ఆట తెప్పించాం. పెట్టె నిండా చెక్క ముక్కలు, కార్డులు, మడత విప్పితే బల్లంత బోర్డు. ఆ ఆట గురించి సరదాగా రెండు పేజీలు రాసి ఒక ఇంటర్నెట్ పత్రికకి పంపాను. వేసుకున్నారు. వేసుకుని ఊరుకోకుండా నెలనెలా రాయమన్నారు. వద్దనలేకపోయాను. మా వైపు వాళ్ళకి అన్నీ వచ్చు గానీ వద్దనడం ఒక్కటీ రాదు.

మోకాలు బాగైంది, ఆటలు మాత్రం ఇంట్లో ఉండిపోయాయి. ఆదివారం భోజనాలయ్యాక మా ముందుగదిలో బల్ల చుట్టూ ఐదుగురం చేరేవాళ్ళం. నేను, మా వారు. మా వారి అక్కగారు, అంటే నాకు వదిన, దెందులూరు నుంచి ఆటోలో వచ్చేది. ఊడ్పులూ కోతలూ ఉన్న వారాలు తప్ప మానేది కాదు. పక్కింటి టీచరుగారు రిటైరై చాలా కాలమైంది. చర్చి నుంచి వచ్చి, భోంచేసి, తెల్లచీర మార్చుకోకుండానే వచ్చేసేవారు. ఐదోవాడు మా తమ్ముడు. ముదినేపల్లి దగ్గర వాడి కాపురం. కొల్లేటి ఒడ్డున ఒక చేపల షెడ్డులో పనిచేస్తాడు. చేపల్ని తూచి, ఐసు కొట్టి, పెట్టెల్లో సర్ది లారీలకెక్కించే చోటది. చేరి ఇరవై ఏళ్ళు కావస్తోంది.

టీచరుగారు పాచికలు ముట్టుకోరు. సిలువ కింద సైనికులు ప్రభువు వస్త్రం కోసం చీట్లు వేసుకున్నారు కదా, అదీ ఇదీ ఒకటేనని ఆవిడ లెక్క. అందుకని పాచికలున్న ఆటలన్నిటికీ మేం చింతపిక్కలే వేసేవాళ్ళం, ఒక వైపు అరగదీసి. "అవీ అవే కదండీ టీచరుగారూ" అని మా వారు ఆటపట్టిస్తే, "కాదండీ, ఇవి మా అమ్మగారి దగ్గర్నుంచి వచ్చినవండీ" అనేవారు.

ఇక మార్కుల సంగతి. పత్రిక ఎడిటరుగారు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "మేడమ్, మీరెంత బాగా రాసినా జనం మార్కు చూసి కిందకి వెళ్ళిపోతారు. పదికి ఎంతో ఒకటి వెయ్యండి" అన్నారు. సరే, లెక్కల మేడాన్ని కదా, పద్ధతిగా వేద్దామని కూర్చున్నాను. రూల్స్ తేలికగా ఉంటే రెండు. ముక్కలూ బోర్డూ గట్టిగా ఉంటే రెండు. అదృష్టానికీ తెలివికీ పొత్తు కుదిరితే రెండు. మరీ సాగదియ్యకపోతే రెండు. మళ్ళీ ఆడాలనిపిస్తే రెండు. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో!

ఆ పద్ధతి రెండు నెలలు కూడా బతకలేదు. మా అందరికీ ఆవలింతలు తెప్పించిన ఒక పెద్ద కోటల ఆటకి దిట్టమైన చెక్క, చక్కటి అట్ట, ఇంత లావు రూల్స్ పుస్తకం కలిసి ఎనిమిది వచ్చింది. పల్చటి కార్డులతో ఉల్లిపాయలు అమ్ముకునే ఆట ఒకటుంది. అది ఆడుతుంటే వదిన హుషారు పట్టలేక కుర్చీలోంచి లేచి నిలబడి మా వారి మీద కేకలేసింది. దానికి వచ్చినవి ఐదు. పరీక్షల్లోనూ ఇలాగే జరుగుతుందని నాకు తెలుసు. మార్జిన్లు గీసి హెడ్డింగుల కింద గీతలు పెట్టినవాడికి మార్కులు పడతాయి.

పోనీ ఆడినవాళ్ళనే అడుగుదామనుకున్నాను. అంతకంటే బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. మా వాళ్ళని "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుందండీ" అంటారు. పెళ్ళి సంబంధం తప్పిపోయినా, సినిమా మధ్యలో లేచొచ్చేసినా, పులుసులో ఉప్పు మరిచిపోయినా, ముందొచ్చే మాట బాగుందండీ. టీచరుగారు ప్రతి ఆటకీ తొమ్మిది వేసేవారు. వదిన కోటల ఆటలో సగం నుంచి కుర్చీలో కునుకు తీసి, లేచి కళ్ళు తుడుచుకుని, "పదికి పదకొండెయ్యమ్మా, ఎంత కష్టపడి తెచ్చావో" అంది. తెచ్చింది కొరియరు అబ్బాయి. "మళ్ళీ ఆడదామా?" అని అడిగి చూశాను. "అలాగేనండి, మీ ఇష్టమండి." మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది గానీ, టీచరుగారు చదువుతారేమోనని ఇక్కడ రాయడం లేదు.

విసుగొచ్చేసింది. ఆరు రోజులు పిల్లలు రాసిన తప్పులకి మార్కులు, ఏడో రోజు పెద్దవాళ్ళు చెప్పే అబద్ధాలకి మార్కులు. మానేద్దామనుకున్నాను. ఆ నెలలోనే ముదినేపల్లిలో మా పిన్నిగారి గృహప్రవేశానికి వెళ్ళాం.

బఫే కాకుండా పట్టుబట్టి పంక్తి భోజనాలు పెట్టించింది పిన్ని. మా తమ్ముడూ వాడి ఈడువాళ్ళూ తువ్వాళ్ళు నడుముకి చుట్టి వడ్డిస్తున్నారు. వదిన నా పక్కనే కూర్చుంది. తమ్ముడు బూరెల బేసిన్ పట్టుకుని మా ముందుకొచ్చాడు. వదిన అప్పటికే రెండు తింది. "అబ్బ, ఎంత బాగున్నాయయ్యా బూరెలు, నోట్లో వేసుకుంటే కరిగిపోతున్నాయి" అంటూనే అరచెయ్యి బోర్లించి విస్తరికి అడ్డం పెట్టింది. నోరు పొగుడుతూనే ఉంది, చెయ్యి మాత్రం కదల్లేదు. తమ్ముడు నొచ్చుకోలేదు, ఎందుకని అడగలేదు. ఇంకోటి వేసుకోండని ఒక్కసారి కొసరి, పక్క విస్తరికి వెళ్ళిపోయాడు.

నేను తినడం ఆపేసి ఆ చెయ్యే చూశాను. వద్దనడం రాని మా వాళ్ళకి వద్దనడానికి ఒక దారి ఉంది, పుట్టినప్పట్నుంచీ వాడుతూనే ఉన్నారు, దానికి ఎవరికీ కోపం రాదు. నోటికి మర్యాద అంటుకుంది గానీ చేతికి అంటుకోలేదు. నాకు ఆ పూట నిజంగా సంతోషమేసింది. పిన్ని వచ్చి, "ఏమే, విస్తరి ముందు పెట్టుకుని నవ్వుకుంటున్నావు, బాగోలేదా?" అంది. "చాలా బాగుంది పిన్నీ" అన్నాను.

ఆ పై ఆదివారం కొత్త పద్ధతి మొదలెట్టాం. ఆట నడుస్తుండగా ఎవరికి ఎప్పుడు చాలనిపిస్తే అప్పుడు బోర్డు మీద తన ముందున్న చోట అరచెయ్యి బోర్లించి పెట్టెయ్యాలి. వాళ్ళు అక్కడితో తప్పుకున్నట్టు. ఎందుకని అడగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కొసరకూడదు. ఆటని పది భాగాలనుకుంటే, మొదటి చెయ్యి ఎన్నో భాగంలో పడితే ఆ ఆటకి అన్ని మార్కులు. ఎవరూ చెయ్యి పెట్టకుండా పూర్తయితే తొమ్మిది. పూర్తయ్యాక ఎవరూ చెప్పకుండానే ఎవరో ఒకరు ముక్కలు మళ్ళీ మొదటికి సర్దేస్తుంటే, అప్పుడు పది.

మా వారు ముచ్చటపడి కొన్న ఓడల ఆట మీద మూడో భాగంలోనే వదిన చెయ్యి పడింది. "చాలా బాగుందిరా తమ్ముడూ" అంటూనే పెట్టింది. ఆయన సాయంత్రం దాకా అలిగి కూర్చున్నారు. ఉల్లిపాయల ఆట మళ్ళీ తీస్తే, అది అయిపోయీ అవకముందే టీచరుగారు కార్డులు కలపడం మొదలెట్టారు. ఎడిటరుగారికి ఈ పద్ధతి బాగా నచ్చింది. నచ్చిందనే అన్నారు మరి. చదివేవాళ్ళకీ అలవాటైంది. జంగారెడ్డిగూడెం నుంచి ఒకాయన, తమ ఇంట్లో సీరియళ్ళకి కూడా ఇదే పద్ధతి పెట్టామని రాశాడు.

కొన్నాళ్ళు హాయిగా గడిచింది. తర్వాత మామూలే, మళ్ళీ నీరసం. ప్రతి నెలా కొత్త పెట్టె, కొత్త రూల్స్ పుస్తకం, వాటిని ఇంగ్లీషులోంచి చదివి అందరికీ విడమరిచి చెప్పడం, ఆఖరికి ఓ అంకె. అంకె వేసి వేసి, దేన్ని చూసినా ఎన్నో భాగంలో చెయ్యి పడుతుందా అనిపించేది. స్టాఫ్ మీటింగుల్లో నా చెయ్యి దానంతటదే బల్ల మీద బోర్లా పడేది.

అలాంటి రోజుల్లో తమ్ముడు ఫోన్ చేశాడు. వెనకాల ఐసు మిషను చప్పుడు.

"అక్కా, నేనొక ఆట తయారుచేశాను. కొల్లేరు మీద."

"ఎప్పట్నుంచిరా?"

"మూడేళ్ళ నుంచి చేస్తున్నానక్కా. పూర్తయ్యాక చెబుదామని." "బెంగుళూరు కంపెనీవాళ్ళకి రాస్తే పంపించమన్నారు. పంపేముందు మనవాళ్ళతో ఆడించాలి. చేతి మార్కు ఎనిమిది దాటితే నేను షెడ్డు మానేస్తానక్కా. ఇంక ఇదే పని."

"ఎనిమిదేంటిరా, మానెయ్యడమేంటి? పిల్లల చదువులో?"

"మీ మరదలితో మాట్లాడే చెబుతున్నాను. 'మీ అక్క పద్ధతిలో మొహమాటం ఉండదు కదా, అందులో ఎంతొస్తే అంతే నమ్ముదాం' అంది."

ఫోన్ పెట్టేశాను. భయమేసింది. సరదాకి పెట్టిన పద్ధతి మీద ఒక సంసారం వచ్చి కూర్చుంది.

ఆదివారం వచ్చాడు. చిన్నప్పట్నుంచీ బొమ్మలు వేస్తాడు వాడు, ఆ సంగతి మేమే మర్చిపోయాం. దళసరి గుడ్డ మీద కొల్లేరంతా రంగుల్లో వేసి తెచ్చాడు. లంక ఊళ్ళు, చెరువు గట్లు, నాచు, గట్ల మీద పాకలు, ఆటపాక వైపు చెట్ల మీద గూడబాతులు. పడవలు చెక్కతో చెక్కాడు, గోరంత. చేపలు కూడా వేటికవే వేరు: కట్ల, రాగండి, కొర్రమీను. పిక్కలు మాత్రం టీచరుగారి చింతపిక్కలే. గుడ్డ పరిచి, అంచులు వేళ్ళతో సాపు చేసి, మా ముఖాలు చూశాడు.

"అబ్బాయ్, ఆ గూడబాతు ఎగిరిపోయేలా ఉందయ్యా" అంది వదిన. ఈసారి నిజంగానే అంది.

ఆట మొదలైంది. మొదట్లో బాగుంది. ఎవరి లంక నుంచి వాళ్ళు పడవలేసుకుని చేపల వెంట పడ్డాం. మా వారు టీచరుగారి కొర్రమీనుని ఎత్తుకుపోతే ఆవిడ "దేవుడు చూస్తున్నాడండోయ్" అన్నారు. తర్వాత వరద వచ్చింది. వరదొస్తే గట్లు తెగుతాయి. తెగిన గట్లు వెయ్యాలి. వేసేదాకా పడవ కదలకూడదు. నీరు తీశాక ఉప్పు పైకి వస్తుంది, దానికి వేరే లెక్క. చేపపిల్లల్ని మళ్ళీ పొయ్యాలి. ఐసు రావాలి. లారీ రావాలి. ప్రతి వంతుకీ పిక్కలు వెయ్యడం, తూకం చూడటం, ఆగడం. వాడికి తెలిసిందంతా అందులో పెట్టేశాడు. "ఏది వదిలేసినా కొల్లేరు అబద్ధమైపోతుందక్కా" అన్నాడు మధ్యలో. అన్నదాంట్లో తప్పేం లేదు. కానీ మేం ఆట ఆడటం మానేసి వాడి షెడ్డులో పని చేస్తున్నాం.

నాకు చాలా ముందే చాలనిపించింది. మిగతావాళ్ళ వంక చూశాను, ఎవరో ఒకరు చెయ్యి పెడతారని. ఒక్క చెయ్యీ బల్ల మీద లేదు. వదిన రెండు చేతులూ చీర కొంగులో చుట్టేసుకుంది. టీచరుగారు ప్రార్థనలో లాగా వేళ్ళు పెనవేసి ఒళ్ళో పెట్టుకున్నారు. మా వారు ఎప్పుడో ఖాళీ అయిన టీ కప్పుని రెండు చేతులతోనూ పట్టుకుని కూర్చున్నారు. తమ వంతు వస్తే చటుక్కున చెయ్యి బయటికి తీసి, రెండు వేళ్ళతో పడవ జరిపి, మళ్ళీ దాచేసుకుంటున్నారు. పొరపాటున కూడా అరచెయ్యి బోర్డుకి తగలకూడదని. మొహమాటం చేతులకి కూడా పాకిపోయింది.

తమ్ముడి ముఖం వెలిగిపోతోంది. "సగం దాటేశామక్కా, ఎవరూ చెయ్యి పెట్టలేదు" అన్నాడు నాతో మెల్లగా. ఇలాగే ఆఖరి దాకా లాగేస్తారని నాకు తెలుసు. తొమ్మిది వస్తుంది. తొమ్మిది తీసుకుని వీడు సోమవారం వెళ్ళి షెడ్డు మానేస్తాడు. బెంగుళూరులో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఈ గుడ్డ పరుచుకుని, వరద దాకా ఆడి, మడిచి పక్కన పెట్టేస్తారు. వాళ్ళకి మొహమాటం ఎందుకుంటుంది?

ఎవరి మీదా కోపం రాలేదు. ఒళ్ళంతా అలసట కమ్మేసింది. ఊరందరి తరఫునా ఎప్పుడూ నేనే ఎందుకు మార్కు వెయ్యాలి అనిపించింది. వాడు నాకు ఒక్కగానొక్క తమ్ముడు. చిన్నప్పుడు పలక మీద వాడి బొమ్మలకి పదికి పది వేసింది కూడా నేనే.

అరచెయ్యి బోర్లించి కొల్లేటి మీద పెట్టాను. రంగు వేసిన చోట గుడ్డ గరుకుగా తగిలింది.

అందరూ నా చెయ్యి వంకే చూశారు. తమ్ముడూ చూశాడు. కొసరకూడదని వాడికి తెలుసు. గృహప్రవేశం నాడు వదిన విస్తరి దగ్గర ఆగినంతసేపు కూడా ఆగలేదు. "సరే. వదినగారూ, మీ వంతండీ" అంటూ పిక్కలు ఆవిడ ముందుకి జరిపాడు.

వదిన పిక్కలు తీసుకోలేదు. కొంగులోంచి చెయ్యి నెమ్మదిగా బయటికొచ్చి బల్ల మీద బోర్లా పడింది. "బొమ్మలు మాత్రం ఎంత బాగున్నాయో నాయనా" అంది. తర్వాత టీచరుగారిది. తర్వాత కప్పు కింద పెట్టి మా వారిది. కొల్లేటి చుట్టూ నాలుగు చేతులు. తమ్ముడు ఒక చెక్క చేపని చేతిలోకి తీసుకున్నాడు.

"ఎక్కడ చాలనిపించిందక్కా?" అన్నాడు.

"వరద తర్వాతరా."

"ఊఁ." చేపని దాని చోట పెట్టేశాడు. "నాకూ అక్కడే చిరాకొచ్చేది. ఒక్కణ్ణే ఆడుకునేటప్పుడు. ఎక్కువ పని చేసి వచ్చానేమో, అందుకనుకున్నాను." అని వాడూ తన లంక మీద చెయ్యి బోర్లించాడు. "మార్కెంత?"

"నాలుగు. చాలనిపించింది నాలుగో భాగంలోనేరా, చెయ్యి పెట్టడమే ఆలస్యమైంది."

"పత్రికలో రాస్తావా?"

"అచ్చవ్వని ఆట గురించి ఎందుకు రాస్తాను?"

"మీ మరదలికి మాత్రం నువ్వే ఫోన్ చేసి చెప్పక్కా. నేను చెబితే, బాగుందన్నారనే వస్తుంది నా నోట్లోంచి."

సరేనన్నాను. వదినా టీచరుగారూ ఎక్కువసేపు ఉండలేదు. వెళ్తూ వెళ్తూ ఇద్దరూ, మళ్ళీ తప్పకుండా తీసుకురా, ఆడదాం అన్నారు. వాడు అలాగేనండి అన్నాడు. గుడ్డ మీద పడవలూ చేపలూ ఏరి డబ్బాలో వేసి, గూడబాతుల మీద మడత పడకుండా చూసుకుంటూ చుట్టాడు.

బస్సుకి టైముందని అన్నం పెట్టాను. షెడ్డులో చేరినప్పట్నుంచీ వాడు చేప ముట్టడు, అందుకని వంకాయ కూర చేశాను. తలొంచుకుని తిన్నాడు. కూర బాగుందక్కా అన్నాడు. రెండోసారి అన్నం పెట్టబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలక్కా."

ఐసులో నానీ నానీ పాలిపోయి, వేళ్ళ కొసలు ముడతలు పడిపోయిన చెయ్యి. కొసరకూడదని రూలు పెట్టింది నేనే. కానీ అది బల్ల దగ్గర రూలు.

"చెయ్యి తియ్యరా" అన్నాను.

తియ్యలేదు. వాడి వేళ్ళ మీదుగానే వడ్డించేశాను. వేడికి చెయ్యి వెనక్కి లాక్కుని, నా వంక చూసి, మజ్జిగ పోసుకుని కలుపుకున్నాడు. తింటున్నంతసేపూ పక్కనే కూర్చున్నాను.

"రేపు షెడ్డుకి ఎన్నింటికి వెళ్ళాలిరా?" అన్నాను.

"ఎప్పటిలాగేనక్కా" అన్నాడు. "తెల్లారకముందే."